లైటు ఆరింది సరే, బండి లాగుతోందా?

గ్యారేజీల్లో స్కానర్ పట్టుకునే మెకానిక్ మిత్రులకు, వాళ్ల పక్కన నిలబడి జాబ్ కార్డు రాసే సూపర్‌వైజర్లకు,

నమస్కారం.

నేనూ మీలో ఒకణ్ణే. స్పానర్ పట్టి ఈ పనిలోకి వచ్చాను, ఇప్పుడు ఎక్కువగా స్కానర్, అంటే బండి కంప్యూటర్ రాసుకున్న లోపాల కోడ్లు చదివే పరికరం, పట్టుకుని బతుకుతున్నాను. వేరే చోట రిపేరు చేయించుకుని, అప్పటినుంచీ తేడాగా ఉందంటూ వచ్చే బళ్లే నా దగ్గర ఎక్కువ. వాటన్నిటిదీ దాదాపు ఒకే కథ. హెడ్ దించారు, లేదా ఇంజెక్టర్లు మార్చారు, లేదా టైమింగ్ బెల్ట్ వేశారు, ఏమీ లేకపోతే ఎయిర్ ఫిల్టర్ మార్చారు. బండి చేతికిచ్చేటప్పుడు డ్యాష్‌బోర్డు మీద లైటు లేదు. రెండు రోజులకు చెక్ ఇంజిన్ లైటు వెలిగింది, పికప్ పోయింది. తీసుకెళ్తే స్కానర్ పెట్టి, కోడ్ చెరిపేసి, "ఏం లేదండీ, వాడుకోండి" అన్నారు. ఇంకో రెండు రోజులకు మళ్లీ వెలిగింది. మూడోసారి ఒక సెన్సర్ మార్చారు. నాలుగోసారి ఇంకొకటి. అయిదోసారి యజమాని నా దగ్గరికొచ్చాడు, ఆ నాలుగుసార్ల కోపమూ నా మీద చూపించాడు.

ఈ ఉత్తరంలో రాసే తప్పుల్లో సగం నేను స్వయంగా చేసినవి. మిగతావి నా కళ్లతో చూసినవి. అడగదలచుకున్నది మాత్రం ఒక్కటే. రిపేరు తర్వాత బండి లాగడం మానేస్తే, ఏ పార్టు మార్చాలా అని ఆలోచించకముందు మన చేతులు ఎక్కడెక్కడ పడ్డాయో అక్కడికి తిరిగి వెళ్దాం. ఆ పని అయ్యేదాకా కోడ్ చెరపొద్దు.

ముందు నా సంగతే చెప్తాను. ఒక టర్బో డీజిల్ బండికి హెడ్ గాస్కెట్ వేశాను. పని శుభ్రంగానే చేశాననుకున్నాను. నాలుగు రోజులకు బండి యజమాని, పెద్దాయన, తిరిగొచ్చారు. "బాబూ, ఖాళీ రోడ్డు మీద బాగానే పోతోంది. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం ఎవరో వెనకనుంచి పట్టుకుని లాగుతున్నట్టు ఉంది" అన్నారు. స్కానర్ పెడితే పి0299 వచ్చింది, టర్బో అండర్‌బూస్ట్, అంటే ఇంజిన్‌లోకి టర్బో తోసే గాలి ఒత్తిడి చాలలేదని. చెరిపేశాను. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని చదును రోడ్డు మీద ట్రయల్ కొట్టాను. లైటు రాలేదు, బండి పోతోంది. ఇచ్చి పంపాను. మర్నాడే మళ్లీ వచ్చారు, అదే కోడ్. ఈసారి నేను పెద్ద మనిషి తరహాలో తల ఊపి, "టర్బో పోయిందండీ" అనేశాను. ఆయన నన్ను తిట్టలేదు. మెల్లగా, "నువ్వు ముట్టుకోకముందు బాగానే ఉంది కదా నాయనా" అన్నారు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆయన ఆ మాట అనకపోతే ఒక మంచి టర్బోని విప్పి పక్కన పడేసేవాణ్ణి. బండి ఎత్తి కింది కవర్ తీశాను. టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ నుంచి ఇన్‌టేక్‌కి పోయే లావుపాటి హోస్ పట్టుకుని లాగాను, కదల్లేదు. క్లిప్ గట్టిగానే ఉంది. చూడ్డానికి ఏ లోపమూ లేదు. హోస్ అడుగున వేలు పెట్టి నిమిరితే మాత్రం జిడ్డు తగిలింది. పలచటి ఆయిల్ పూత, దానికి దుమ్ము అంటుకుని నల్లబడింది. ఒకవైపుకు మాత్రం చిమ్మినట్టు సన్నని చారలు. క్లిప్ వదులు చేసి చూస్తే అర్థమైంది. పైపు చివర చుట్టూ ఒక గట్టు ఉంటుంది కదా, హోస్ ఆ గట్టు దాటి లోపలికి పోవాలి, క్లిప్ గట్టు వెనక కూర్చోవాలి. నేను తొందరలో హోస్‌ని సగం దాకా తోసి, సరిగ్గా గట్టు మీదే క్లిప్ బిగించాను. ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ నొక్కకుండా ఇంజిన్ ఊరికే నడుస్తున్నప్పుడు, ఆ హోస్‌లో ఒత్తిడి దాదాపు ఉండదు కాబట్టి లీకూ ఉండదు. ఎత్తు మీద కాలు పూర్తిగా నొక్కినప్పుడు లోపల బయటి గాలికన్నా ఒక బార్ పైన ఒత్తిడి పుడుతుంది. అప్పుడు హోస్ ఒకవైపు పెదవి విప్పినట్టు లేచి గాలి వదిలేస్తుంది. కాలు తీయగానే మళ్లీ మూసుకుంటుంది. టర్బో పాపం పని చేస్తూనే ఉంది, చేసిన గాలి దారిలో పోతోంది. సరిచేయడానికి అయిదు నిమిషాలు పట్టింది.

ఇక్కడ కోడ్ అబద్ధం చెప్పలేదు. పి0299 అంటే "నేను ఇంత ఒత్తిడి అడిగాను, అంత రాలేదు" అని ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, చేసుకున్న ఫిర్యాదు. అంతవరకే. ఆ ఫిర్యాదును నేను తీర్పుగా చదివాను. ఈసీయూకి హోస్ అంటే ఏమిటో తెలియదు, క్లిప్ అంటే తెలియదు. దానికి ఉన్నవల్లా కొన్ని సెన్సర్లు, ఆ సెన్సర్లు పంపే వోల్టులు. అడిగింది ఇంత, వచ్చింది ఇంత అని లెక్క చూసుకుంటుంది, తేడా ఎక్కువైతే ఒక అంకె రాసుకుంటుంది.

బండి తన లోపాలు తానే చూసుకుని కోడ్ రాసుకునే ఈ ఏర్పాటు, ఓబీడీ, అసలు మొదలైంది మెకానిక్ కోసం కాదన్న సంగతి మనం మర్చిపోతుంటాం. పొగ మీద నిఘా పెట్టడానికి వచ్చింది ఇది. కాలిఫోర్నియాలో గాలి కాలుష్యం చూసే అధికారులు పట్టుబట్టి తెచ్చారు. 1996 మోడల్ నుంచి అమెరికాలో కొత్త కార్లన్నిటికీ ఓబీడీ 2 తప్పనిసరి అయింది, స్టీరింగ్ కింద ఉండే ఆ 16 పిన్నుల సాకెట్ అప్పటిదే. యూరప్‌లో 2001లో పెట్రోలు కార్లకు, ఆ తర్వాత డీజిల్ కార్లకు వచ్చింది. బండి విడిచే పొగ హద్దు దాటుతోందా లేదా అన్నది దాని మొదటి ప్రశ్న. ఏ పార్టు మార్చాలో చెప్పమని దాన్ని ఎవరూ తయారు చేయలేదు.

పి0171 సంగతి తీసుకోండి. మొదటి బ్యాంకులో, అంటే మొదటి సిలిండర్ ఉన్న వరసలో, మిశ్రమం పలచగా ఉంది అని దాని అర్థం. పెట్రోలు ఇంజిన్లో ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి ఉంటే సరిగ్గా మండుతుంది. గాలి అంతకన్నా ఎక్కువైందనో, పెట్రోలు తక్కువైందనో ఆక్సిజన్ సెన్సర్ చెప్పింది. మనం ఏం చేస్తాం? ఆక్సిజన్ సెన్సరే మారుస్తాం. కబురు తెచ్చినవాడి మీద పడి కొట్టడం లాంటిదే ఇది. కొత్త సెన్సర్ వచ్చి అదే కబురు మళ్లీ చెబుతుంది.

ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పి బిగించాక ఈ కోడ్ వస్తే నేను ముందు చూసేది ఫ్యుయల్ ట్రిమ్. ఈసీయూ తన లెక్క ప్రకారం పోయాల్సిన ఇంధనానికి ఎంత శాతం కలపాల్సి వస్తోందో చెప్పే అంకె అది. అప్పటికప్పుడు దిద్దుకునే షార్ట్ టర్మ్, నేర్చుకుని దాచుకునే లాంగ్ టర్మ్ రెండూ కలిపి మైనస్ పదికీ ప్లస్ పదికీ మధ్య ఉంటే పెద్దగా పట్టించుకోను. ఐడ్లింగ్‌లో ప్లస్ 22 ఉండి, 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచితే ప్లస్ 4కి దిగిందనుకోండి, ఎక్కడో బయటి గాలి లోపలికి పోతోంది. ఐడ్లింగ్‌లో ఇంజిన్ తాగే గాలే కొంచెం, అందులో దొంగగాలి వాటా పెద్దది. రేస్ చేస్తే అసలు గాలి పెరుగుతుంది, కన్నం మాత్రం అంతే ఉంటుంది, కాబట్టి దాని వాటా పడిపోతుంది. దీనికి తలకిందులుగా, ఐడ్లింగ్‌లో బాగానే ఉండి లోడ్, అంటే ఇంజిన్ మీద భారం, పెరిగేకొద్దీ ట్రిమ్ పెరిగితే పెట్రోలు చాలడం లేదు, లేదా ఎయిర్ ఫ్లో సెన్సర్ వచ్చిన గాలిని తక్కువ చేసి చెబుతోంది. రెండు నిమిషాల పని ఇది. ఒక్క పార్టూ విప్పక్కర్లేదు. గాలి లీకు అని తేలితే స్మోక్ మెషిన్‌తో తక్కువ ఒత్తిడి పొగ ఎక్కిస్తే ఎక్కడ కారుతోందో కంటికే కనిపిస్తుంది. నూటికి తొంభైసార్లు అని అనను గానీ, ఎక్కువసార్లు ఆ పొగ మనం విప్పిన జాయింటు నుంచే వస్తుంది. గాస్కెట్ మడతపడి ఉంటుంది, లేదా వెనకవైపు కంటికి ఆనని ఒక సన్నని వ్యాక్యూమ్ పైపు పెట్టడం మర్చిపోయి ఉంటాం.

ఎయిర్ ఫిల్టర్ లాంటి చిన్న పనిని కూడా తేలిగ్గా తీసుకోవద్దు. ఫిల్టర్ డబ్బా మూత సరిగ్గా కూర్చోకపోతే దుమ్ము పోతుంది, అది వేరే సంగతి. సెన్సర్ దాటాక ఉండే రబ్బరు గొట్టం మూత తీసేటప్పుడు మెలితిరిగి చీలితే, అక్కడినుంచి పోయే గాలి లెక్కలోకే రాదు. కడిగి నూనె పట్టించే రకం ఫిల్టర్‌కి నూనె ఎక్కువైతే అది ఎయిర్ ఫ్లో సెన్సర్ తీగకు అంటుకుంటుంది, అప్పుడు ఆ సెన్సర్ గాలిని తక్కువగా చూపిస్తుంది. ఆ సెన్సర్ లెక్క తేడాగా ఉందని చెప్పే పి0101 వస్తుంది, బండి బరువుగా లాగుతుంది. సెన్సర్ మారుస్తాం, నూనె కారుతున్న ఫిల్టర్ అలాగే ఉంటుంది.

ఇప్పుడు కోడ్ చెరిపే సంగతి. నాకు నిజంగా బాధ కలిగించేది ఇదే.

కోడ్ పడ్డ క్షణంలో ఈసీయూ ఒక ఫొటో లాంటిది తీసి దాచుకుంటుంది, ఫ్రీజ్ ఫ్రేమ్ అంటాం. అప్పుడు ఆర్‌పీఎం ఎంత, లోడ్ ఎంత, కూలెంట్ వేడి ఎంత, స్పీడ్ ఎంత, ట్రిమ్‌లు ఎక్కడున్నాయి, అన్నీ అందులో ఉంటాయి. పి0299కి 2200 ఆర్‌పీఎం, 90 శాతం లోడ్, స్పీడ్ 50 అని ఉంటే బండి ఎత్తు ఎక్కుతోంది లేదా ఓవర్‌టేక్ చేస్తోంది. నేను ఆ రోజు ఆ పేజీ తెరిచి ఉంటే, చదును రోడ్డు మీద మెల్లగా తిప్పితే ఆ కోడ్ ఎప్పటికీ రాదని అక్కడికక్కడే తెలిసేది. చూడకుండా చెరిపేశాను. ఎరేజ్ బటన్ నొక్కితే కోడ్‌తో పాటు ఆ ఫొటో కూడా పోతుంది. మానిటర్లు, అంటే ఈసీయూ తనంతట తాను చేసుకునే పరీక్షలు, అన్నీ మొదటికొస్తాయి, చాలా బళ్లలో ఇంజిన్ నేర్చుకున్న ఫ్యుయల్ ట్రిమ్ కూడా సున్నా అవుతుంది. ఎవరో వచ్చి దొంగతనం జరిగిన గది ఊడ్చి, తడిగుడ్డ పెట్టినట్టు.

"చెరిపాక అరగంట తిప్పాం, లైటు రాలేదు" అనే మాటకూ అర్థం లేదు. చాలా కోడ్లు ఒక్కసారి తప్పు కనిపించగానే లైటు వెలిగించవు. వరుసగా రెండు డ్రైవ్ సైకిళ్లలో, అంటే బండి స్టార్ట్ చేసి నడిపి ఆపిన రెండు విడతల్లో, కనిపించాలి. మొదటిసారికి పెండింగ్ కోడ్‌గా రాసుకుని ఊరుకుంటుంది. బండి ఇచ్చిన రెండు రోజులకే లైటు ఎందుకు వెలుగుతుందో తెలిసింది కదా. అది మన దురదృష్టం కాదు, దాని పద్ధతే అంత. ట్రయల్ కొట్టి వచ్చాక లైటు చూసి ఊరుకోకుండా పెండింగ్ కోడ్ల పేజీ ఒక్కసారి తెరిస్తే, లైటు వెలిగిందని యజమాని చేసే ఫోన్ రెండు రోజుల ముందే మనకు వచ్చేసినట్టు.

లైటు ఆగకుండా మినుకుమినుకుమంటుంటే మాత్రం ఇవన్నీ పక్కన పెట్టి ముందు ఇంజిన్ ఆపించండి. మిస్‌ఫైర్, అంటే సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా మండకపోవడం, గట్టిగా ఉండి, కాలని పెట్రోలు పొగను శుభ్రం చేసే కాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతున్నప్పుడే అలా కొట్టుకుంటుంది.

పికప్ పోయిందంటే అందరం ఒకటే జబ్బు అనుకుంటాం. నా లెక్కలో రెండున్నాయి, వాటిని విడదీయకపోతే తిప్పలు తప్పవు. ఒకటి, ఇంజిన్‌కి శక్తి లేకపోవడం. గాలి చాలకో, ఇంధనం చాలకో, టైమింగ్ తప్పో. రెండోది, శక్తి ఉండీ ఈసీయూ ఇవ్వకపోవడం, అదే లింప్ మోడ్. రెండో రకంలో బండి మెత్తగానే పోతుంది, కుదుపులుండవు, కానీ ఎంత నొక్కినా రెండున్నర వేలో మూడు వేలో దాటదు. తాళం తీసి, నిమిషం ఆగి మళ్లీ స్టార్ట్ చేస్తే కాసేపు మామూలుగా పరిగెత్తుతుంది, తర్వాత మళ్లీ కట్టేస్తుంది. యజమానిని ఈ ఒక్క ప్రశ్న అడగండి: "ఆపి స్టార్ట్ చేస్తే బాగవుతోందా అండీ?" అవునంటే ఇంజిన్ జోలికి వెళ్లకుండా, ఈసీయూ దేనికి భయపడుతోందో చూడండి. అటు కుదుపులూ, మిస్సింగూ, దగ్గినట్టు ఆగి ఆగి లాగడమూ ఉంటే మొదటి రకం. డీజిల్ బండికి నల్ల పొగ కూడా ఉంటే కొలిచిన గాలి సిలిండర్ దాకా చేరడం లేదేమోనని హోస్‌ల వైపు వెళ్లండి.

ఒక్కసారే ఐదారు కోడ్లు, ఒకదానికొకటి సంబంధం లేనివి పడితే నాకు ప్రాణం లేచొస్తుంది. ఆరు సెన్సర్లు ఒకే రోజు చచ్చిపోవు. ఇంజిన్ దించి ఎక్కించిన ఒక బండి అలాగే వచ్చింది. అప్పటికే మూడు సెన్సర్లు కొత్తవి వేసి ఉన్నాయి, పాతవి ప్లాస్టిక్ కవర్లో పెట్టి సీటు మీద ఉన్నాయి, మూడూ మంచివే. మల్టీమీటర్ ఒక తీగ బ్యాటరీ నెగెటివ్‌కి, ఇంకోటి ఇంజిన్ బ్లాక్‌కి పెట్టి సెల్ఫ్ కొట్టించాను. 0.2 వోల్టు లోపల ఉండాల్సింది ఒక వోల్టు పైన చూపించింది. ఇంజిన్ నుంచి ఛాసీకి పోయే ఎర్త్ పట్టీ పెట్టారు, బోల్టు బిగించారు కూడా. దాని కింద మాత్రం కొత్తగా కొట్టిన పెయింటు గోకలేదు. శుభ్రంగా, మెరుస్తూ ఉంది. ఎంత శ్రద్ధగల మెకానికో! పెయింటు కొట్టడం దాకా శ్రద్ధ పెట్టాడు. ఎర్త్ బాగుంటే ఇక చూడాల్సింది సెన్సర్లకు వెళ్లే 5 వోల్టుల లైను. ఒక సెన్సర్ లోపల షార్టయినా, వైరు బ్రాకెట్ కింద నలిగినా ఆ లైను మీదున్న అందరినీ కిందికి లాగేస్తుంది. సెన్సర్లకు వైర్లు తగిలించే కప్లర్లు ఒక్కొక్కటే తీస్తూ పోతే ఎక్కడో ఒకచోట 5 వోల్టులు తిరిగొస్తాయి. దొంగ దొరికినట్టే.

టైమింగ్ గురించి రాయాలంటే కొంచెం మొహమాటంగా ఉంది, ఎందుకంటే ఇందులో తెలివికన్నా బద్ధకం ఎక్కువ. బెల్ట్ లేదా చైన్ వేశాక పి0016 వచ్చిందంటే పిస్టన్లతో తిరిగే క్రాంక్ సెన్సర్ చెప్పేదానికీ, వాల్వులు తెరిచే క్యామ్ సెన్సర్ చెప్పేదానికీ పొత్తు కుదరడం లేదని అర్థం. మనకూ లోపల తెలుసు, బెల్ట్ ఒక పన్ను జారిందేమోనని. కానీ మళ్లీ ముందుభాగమంతా విప్పాలి, ఒక పూట పోతుంది. అందుకని క్యామ్ సెన్సర్ మారుస్తాం. అది కాకపోతే క్రాంక్ సెన్సర్. ఆ రెండూ అయ్యాక ఎలాగూ విప్పుతాం. బెల్ట్ వేసిన వెంటనే, కవర్ పెట్టకముందే, స్పానర్‌తో క్రాంక్‌ని చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి మార్కులు మళ్లీ చూసుకుంటే ఈ గొడవే రాదు. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరిగి మళ్లీ అక్కడికే వస్తుంది, టెన్షనర్ సరిగ్గా పట్టిందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది. చేత్తో తిప్పుతుంటే ఎక్కడైనా గట్టిగా తగిలితే అక్కడే ఆగండి. వాల్వులు పిస్టన్లకు తగిలే ఇంజిన్లలో చేత్తో తిప్పితే ఆగుతుంది, సెల్ఫ్ కొడితే వాల్వు వంగుతుంది.

డీజిల్ ఇంజెక్టర్ల నెత్తిమీద చెక్కిన అంకెల వరస అలంకారానికి పెట్టింది కాదు. ప్రతి ఇంజెక్టర్ కొద్ది కొద్దిగా తేడాగా పోస్తుంది, ఆ తేడా ఎంతో ఆ వరసలో ఉంటుంది. అన్ని ఇంజెక్టర్లకూ ఒకే రైల్, అంటే ఒత్తిడిలో డీజిల్ నిలిపే పైపు, ఉండే కామన్ రైల్ బళ్లలో చాలావాటికి అది ఏ సిలిండర్‌లో ఏది ఉందో ఆ ప్రకారం ఈసీయూకి ఎక్కించాలి. శుభ్రం చేసి తిరిగి బిగించేటప్పుడు ఒకటి, మూడు తారుమారైనా లెక్క తప్పుతుంది. బండి టకటకమంటుంది, పొగ వస్తుంది, లాగదు. విప్పేటప్పుడే ఒక్కోదాని మీద మార్కర్‌తో నంబరు వేస్తే సరిపోయే పని.

డీజిల్ ఫిల్టర్ మార్చాక పి0087 వస్తే, అంటే రైల్ ప్రెషర్ చాలడం లేదంటే, హై ప్రెషర్ పంపు పోయిందని ఎస్టిమేట్ రాసే ముందు లైవ్ డేటాలో రెండు గీతలు పక్కపక్కన పెట్టి చూడండి: అడిగిన ప్రెషర్, వచ్చిన ప్రెషర్. ఐడ్లింగ్‌లో సుమారు 300 బార్ దగ్గర రెండూ కలిసే ఉండి, కాలు పూర్తిగా నొక్కినప్పుడు అడిగింది 1600 పైకి పోయి వచ్చింది వెయ్యి దగ్గర ఆగిపోతే, ముందు ఫిల్టర్ వైపే వెళ్లండి. ఓ-రింగ్ మడతపడి గాలి పీలుస్తుండొచ్చు. లో ప్రెషర్ వైపు పైపు స్థానంలో కాసేపు పారదర్శకమైన పైపు పెడితే బుడగలు వరసకట్టి పోవడం కనిపిస్తుంది. హై ప్రెషర్ పైపుల నట్లు మాత్రం ఇంజిన్ నడుస్తుండగా ఎవరూ వదులు చేయొద్దు, పాత ఇంజిన్ల అలవాటు ఇక్కడ పనికిరాదు. ఆ ఒత్తిడిలో చిమ్మే డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. బయటికి సూదిమొన గాటే కనిపించినా సరే, అది వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాల్సిన దెబ్బ.

ఇక వ్యాక్యూమ్ పైపులు తారుమారు చేయడం, డీపీఎఫ్ (డీజిల్ పొగలో మసిని పట్టే ఫిల్టర్) ప్రెషర్ సెన్సర్‌కి వెళ్లే రెండు గొట్టాలు ఇటుది అటు పెట్టడం, నట్టు పడకుండా ఇన్‌టేక్‌లో కుక్కిన గుడ్డ అక్కడే మర్చిపోవడం. వీటి గురించి ఎక్కువ రాయను. గుడ్డ సంగతి నాకు తెలిసినంత బాగా మీకు తెలియకూడదని కోరుకుంటున్నాను. విప్పకముందు ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీసుకోండి, అంతే.

సూపర్‌వైజర్లకు ఇప్పుడు విడిగా ఒక మాట. మెకానిక్ కోడ్ చెరిపి పంపేస్తున్నాడంటే ఎక్కువసార్లు అది అతని తెలివితక్కువతనం వల్ల జరగడం లేదు. మీరు జాబ్ కార్డులో పార్టు మార్చడానికి టైమ్ రాస్తారు, విప్పి బిగించడానికి టైమ్ రాస్తారు. వెతకడానికి ఎంత రాస్తున్నారు? గంటసేపు మల్టీమీటర్ పట్టుకుని ఎర్త్ పట్టీ కనిపెట్టినవాడు ఆ పూట ఏమీ చేయనట్టే కనిపిస్తాడు. మూడు సెన్సర్లు మార్చినవాడు బాగా పనిచేసినట్టు. లెక్క ఇలా ఉన్నన్నాళ్లూ ఎవరు వెతుకుతారండీ?

జాబ్ కార్డులో మూడు గళ్లు చేర్చండి చాలు. పని మొదలుపెట్టకముందు బండిలో ఉన్న కోడ్లు, పెండింగ్‌వి కూడా. ఇది ముందు మనల్నే కాపాడుతుంది, "మీరు ముట్టుకున్నాకే వచ్చింది" అన్నప్పుడు చూపించడానికి కాగితం ఉంటుంది. రెండోది, ప్రతి కోడ్‌కీ ఫ్రీజ్ ఫ్రేమ్, ప్రింటు లేకపోతే స్క్రీన్ ఫొటో. మూడోది, పని అయ్యాక లోడ్ మీద ట్రయల్. లోడ్ మీద అని ఎందుకంటున్నానో నా హోస్ కథలో చూశారు. పక్కన ఇంకొకరు స్కానర్ పట్టుకుని కూర్చోవాలి. ఖాళీ రోడ్డు, వీలైతే ఎత్తు. మూడో గేరులో 1500 దగ్గరనుంచి కాలు పూర్తిగా నొక్కి, స్పీడ్ లిమిట్ దాటకుండా ఒక్క లాగు. ఆ కొద్ది సెకన్లలో అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్, అడిగిన రైల్ ప్రెషర్, వచ్చిన రైల్ ప్రెషర్ రికార్డు చేస్తే, బండి బాగుందో లేదో ఎవరూ వాదించక్కర్లేదు.

పొద్దున్నే చల్లని ఇంజిన్ మీద, స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి చూసే అలవాటు ఒకటి నాకుంది, అది కూడా రాసేస్తాను. రాత్రంతా ఆగిన బండిలో కూలెంట్ వేడి, ఇన్‌టేక్ గాలి వేడి దాదాపు ఒకటే చూపించాలి. ఇన్‌టేక్‌లో గాలి ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సర్ అప్పుడు బయటి గాలి ఒత్తిడి చూపించాలి, సముద్రమట్టం దగ్గరైతే 100 కిలోపాస్కల్ చుట్టుపక్కల, ఎత్తైన చోట్ల కొంత తక్కువ. ఇంజిన్ ఆగి ఉండగానే మ్యాప్ 70 చూపిస్తోంది, బయట ఒత్తిడి మాత్రం 100 అంటే, ఆ సెన్సర్‌నో దాని కప్లర్‌నో అనుమానించడానికి మీ దగ్గర ఆధారం ఉన్నట్టు. అప్పుడు మార్చండి, నేనేమీ అనను. పార్టులు మార్చొద్దని నా గొడవ కాదు. మార్చేముందు ఒక కారణం చేతిలో ఉండాలి, అది కోడ్ పేరు మాత్రమే కాకూడదు.

ఆ పెద్దాయన బండి హోస్ సరిచేశాక ఆ రోజు నేను కూలీ తీసుకోలేదు. దానికన్నా మంచి పని ఇంకోటి చేశాను, ఒక తెల్ల పెయింటు మార్కర్ కొనుక్కున్నాను. అప్పటినుంచి విప్పిన ప్రతి హోస్ క్లిప్పుకూ, ప్రతి ఎర్త్ బోల్టుకూ, బిగించి, కూర్చున్న చోటు వేలితో తడిమి చూశాకే ఒక గీత పెడతాను. కప్లర్ అయితే టిక్ అని విన్నాకే. మొదట్లో కుర్రాళ్లు నవ్వేవాళ్లు. ఇప్పుడు వాళ్ల జేబుల్లోనూ మార్కర్లున్నాయి.

ఆయన ఇప్పటికీ నా దగ్గరికే వస్తారు. బండి తీసుకునే ముందు బానెట్ ఎత్తించి, కళ్లజోడు సర్దుకుని గీతలు లెక్కపెడతారు. పోయినసారి ఎన్ని క్లిప్పులు విప్పావని అడిగారు. ఆరు అన్నాను. "గీతలు అయిదే ఉన్నాయి" అన్నారు. వంగి చూశాను. క్లిప్ బిగించే ఉంది, గట్టు దాటే కూర్చుంది, గీత ఒక్కటే మర్చిపోయాను. అయినా ఆయన ఎదురుగా మళ్లీ స్పానర్ వేసి, తడిమి చూసి, గీత పెట్టి, అప్పుడు తాళం ఇచ్చాను.

ఇట్లు,
మీలో ఒక మెకానిక్